పిండో మందో తెలియని సీసా

అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే పెంటకోట వారింట్లో ముగ్గురే మనుషులు. యజమాని సింహాచలం, అతని భార్య వరాలమ్మ, చెల్లెలు నూకాలు. తమ తెలివిని ఊరంతా మెచ్చుకుంటుందని ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎవరేం చెప్పినా చెప్పినట్టే చేస్తామని, మధ్యలో తమ బుర్ర పెట్టనే పెట్టమని సింహాచలం గొప్ప. ఆ మాట మాత్రం నిజం.

వరాలమ్మ భారీ మనిషి. మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళుగా మేడ ఎక్కలేదు. మేడ మీద వడియాలు నూకాలు పెడుతోంది, అవి పిడకల్లా వస్తున్నాయి. మళ్ళీ మేడెక్కి తన వడియాలు తను పెట్టుకోవాలని వరాలమ్మ ప్రాణం కొట్టుకుపోయేది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆమె రక్తం చూసింది. ఒళ్ళు పెరిగిన ఆడవాళ్ళకు లోలోపల వాపు ఉంటుందని, నిద్రకు వాడే మెలటోనిన్ మాత్ర దాన్ని తగ్గిస్తుందో లేదో పరీక్షిస్తున్నామని చెప్పింది. కొందరి సీసాల్లో మందు, కొందరి సీసాల్లో ఉత్త పిండి బిళ్ళలు. ఎవరిది ఏదో ఎవరికీ తెలియకూడదు. నిద్రపోవడానికి గంట ముందు ఒకటి, పన్నెండు వారాలు. తేడా వస్తే పరీక్షలోంచి పేరు కొట్టేస్తారు. వాపు తగ్గితే మోకాళ్ళూ వదులుతాయనుకుని వరాలమ్మ పేరు రాయించుకుని ఓ సీసా తెచ్చుకుంది.

ఆ రోజే సింహాచలం గడియారం పట్టుకుని భార్య పక్కన కూర్చున్నాడు. తొమ్మిదీ పదికి ఆమె నిద్రపోయింది. అంతే, తట్టి లేపి, మాత్ర ఎనిమిదీ పదికి వేసుకోవాల్సిందని చెప్పాడు. మర్నాడు ఎనిమిదీ పదికే వేశారు. సరిగ్గా తొమ్మిదీ పదికి నిద్రపోవాలన్న కంగారులో వరాలమ్మకు తెల్లవార్లూ కన్ను మూతపడలేదు. అప్పుడు నూకాలుకు ఆలోచన తట్టింది. నిద్రకు గంట ముందన్నారు గానీ, ఎవరి నిద్రకో డాక్టరమ్మ చెప్పలేదు కదా. అన్నయ్య తొమ్మిదింటికి ఠంచనుగా గురక పెడతాడు. ఇంకేముంది, రోజూ అతని నిద్రకు గంట ముందు వరాలమ్మ మాత్ర వేసుకోసాగింది.

వారం తిరిగేసరికి, సీసాలో ఉన్నది పిండైతే మేడెక్కేదెలా అని వరాలమ్మకు బెంగ పట్టుకుంది. అది తేల్చడం ఎంత పని అంది నూకాలు. సగం బిళ్ళలు రోట్లో వేసి నూరి, నీళ్ళు కలిపి, పెనం మీద అట్టు పోసింది. అట్టు లేవలేదు, అంటుకుపోయి మాడింది.

"పిండైతే అట్టు లేచును గదా. ఇది మందే," అంది.

వరాలమ్మ ఆనందం పట్టలేక ఆడపడుచును వాటేసుకుంది. అంతలో సింహాచలం మొహం వాడిపోయింది. తెలియకూడదన్నది తెలిసిపోయింది, ఇక పేరు కొట్టేస్తారు. మరిచిపోవడం ఒక్కటే దారని ముగ్గురూ తీర్మానించారు. ఆనాటి నుంచి రోజూ పొద్దున టిఫిన్ దగ్గర సింహాచలం అడిగేవాడు.

"మర్సిపోనావా?"

"ఏటి?"

"సీసాలోది మందని."

"ఇప్పుడే మర్సిపోనాను."

ఏడో వారానికే మాత్రలు అయిపోయాయి. మరిచిపోవడం మాత్రం పన్నెండు వారాలూ ఒక్కరోజు కూడా మానలేదు.

ఆఖరి రక్తపరీక్ష రోజు వచ్చింది. ఆసుపత్రి వరండాలో నర్సమ్మ పుస్తకం చూసి పేర్లు పిలుస్తోంది. పేరు కొట్టేయాలంటే ముందు మనిషి దొరకాలి కాబట్టి పలకొద్దని సింహాచలం భార్యకు చెప్పాడు. అంతే. నర్సమ్మ పెంటకోట వరాలమ్మ అని మూడుసార్లు పిలిచింది. వరాలమ్మ పెదవులు బిగించి గోడకేసి చూసింది. ఆవిడ రాలేదని నర్సమ్మ పైకే అనుకుని, పుస్తకంలో అడ్డంగా గీత గీసేసింది.

ఇంటికొచ్చాక వరాలమ్మకు మనసు ఆగలేదు. నూకాలును పిలిచి చెప్పింది.

"ఎవరో వరాలమ్మంట, పాపం. మోకాళ్ళ నొప్పేమో, రాలేకపోనాది. పేరు కొట్టేసినారు."

"ఏ ఊరంట?"

"అనకాపల్లే. మన ఇంటిపేరే."

"అయితే మన సుట్టమే. పలకరించకపోతే బాగోదు."

ఇంకేముంది, ముగ్గురూ మంచి బట్టలు కట్టుకుని, ఓ బెల్లం దిమ్మ పట్టుకుని, ఇంటికి తాళం వేసి, వరాలమ్మను ఓదార్చి రావడానికి బయల్దేరారు.