వర్జ్యం దాటాక వచ్చిన నొప్పి

శ్రావణ శుద్ధ దశమి, గురువారం, పొద్దున్న పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, కట్టిన ప్రతి పైసాకీ ఫలితం పిండుకోనిదే నిద్రపట్టని మా పెదనాన్న భైరవమూర్తి గారికి సామర్లకోటలో ఛాతీ నొప్పి వచ్చింది. ఆ రోజు పదకొండుంబావు దాకా వర్జ్యం. అది వెళ్ళేదాకా నొప్పి ఓపిగ్గా ఆగింది.

దీనికి ముందు కొంత జరిగింది. పెదనాన్న పదకొండేళ్ళుగా ఆరోగ్య బీమా కడుతూ ఉండేవారు. భగవంతుడి దయవల్ల ఒక్కసారీ ఆసుపత్రి గడప తొక్కలేదు. మేమంతా దాన్ని అదృష్టం అనేవాళ్ళం. ఆయన నష్టం అనేవారు. ఈసారి ప్రీమియం ఒకటిన్నర రెట్లు అయిందని కబురొచ్చేసరికి మా అరుగు మీద పెద్ద చర్చ లేచింది.

“ఆసుపత్రులు ఇంతకు మించి తీసుకోకూడదని చట్టం తేవాలి అన్నయ్యా,” అన్నారు మా నాన్న.

“అసలు బీమా ఎందుకండీ? వైద్యమంతా ప్రభుత్వమే చూసుకోవాలి,” అన్నారు ఎదురింటి సోమయాజులు మాస్టారు.

బీమా ఏజెంటు పాపయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “పెద్ద సంగతులు నాకు తెలీవు బాబుగారూ. అందరూ కట్టిన సొమ్ములోంచే జబ్బుపడ్డవాళ్ళకి ఇస్తారు. జబ్బు లేనివాళ్ళు కూడా వెళ్ళి ఒక రోజు పడుకుని బిల్లు పెట్టేస్తుంటే అది పెరగదా?”

“అలాంటి దొంగల్ని జైల్లో వెయ్యాలి!” అని పెదనాన్న అరుగు మీద గుద్దారు. గుద్దిన చెయ్యి తీసేలోపే, “ఒక్క రోజు పడుకుంటే చాలా?” అని పాపయ్యని మెల్లిగా అడిగారు.

అదిగో, అలా వచ్చింది ఆ నొప్పి.

“వర్జ్యం చూసుకుని వచ్చే నొప్పిని నేనెక్కడా వినలేదండీ,” అంది మా దొడ్డమ్మ హైమావతి.

“నువ్వూరుకో. మంచి ఘడియలో చేరితే త్వరగా నయమవుతుంది,” అంటూ పెదనాన్న తువ్వాలు, సబ్బు, పంచాంగం సంచిలో సర్దుకున్నారు.

ఆసుపత్రిలో ఆయన మూడో అంతస్తులో గది అడిగారు. మంచం పక్కనే ఆక్సిజన్ ఉన్న గది అదొక్కటే ఖాళీగా ఉంది. “అన్నేళ్ళు కట్టాను. ఊరికే వచ్చానా?” అన్నారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, “అన్నీ బాగానే ఉన్నాయండీ. నొప్పంటున్నారు కాబట్టి రేపటిదాకా ఉండండి. అప్పటిదాకా మజ్జిగ తప్ప ఏమీ తీసుకోవద్దు,” అన్నాడు.

పెదనాన్న మజ్జిగ తాగి నవ్వుకున్నారు. అయితే పరామర్శల సంగతి ఆయన మరిచిపోయారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. వచ్చినవాళ్ళందరూ మంచం పక్కన కూర్చుని నిట్టూర్చి, సరిగ్గా అలాంటి నొప్పితోనే పోయిన ఎవరో ఒకరి కథ చెప్పారు. ప్రతి కథకీ ఆయన మూలగాల్సి వచ్చింది. మూడు గంటలయ్యేసరికి మూలిగి మూలిగి గొంతు నిజంగానే నొప్పెట్టింది.

నాలుగున్నరకి మా పెద్ద మేనత్త సీతారత్నం వచ్చింది. ఆవిడకి డెబ్బై దాటాయి, ఉబ్బసం మనిషి. ఆవిడకి చెప్పొద్దనే అనుకున్నాం. కూరలమ్మే మనిషి చెప్పేసింది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. తమ్ముడి కోసం చారన్నం క్యారేజీ పట్టుకుని మూడంతస్తులూ ఎక్కింది.

“ఒరేయ్ భైరవుడూ... ఎలా...” అంటూ గుమ్మంలోనే కూలబడింది. ఊపిరి అందడం లేదు. పెదవులు నల్లబడ్డాయి.

నర్సు పరుగెత్తుకొచ్చింది. “ఆక్సిజన్ ఉన్న మంచాలన్నీ నిండిపోయాయండీ! కిందికి దింపడానికి కూడా టైము లేదు!”

పెదనాన్న ఒక్క గెంతులో మంచం దిగారు. అక్కని రెండు చేతులా ఎత్తి తన మంచం మీద పడుకోబెట్టారు.

“మీరు లేవకూడదండీ! గుండె!” అని అరిచింది నర్సు.

“నా గుండెకేం, గుండ్రాయిలా ఉంది! ముందు మా అక్కకి ఊపిరి పెట్టు తల్లీ!” అని ఆయన ఇంకా గట్టిగా అరిచారు.

వరండాలో పరామర్శకి నిలబడ్డవాళ్ళంతా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. దొడ్డమ్మ కళ్ళు మూసుకుని లలితా సహస్రం అందుకుంది. నామాలు సగం అయ్యేసరికి అత్త పెదవులకి రంగు వచ్చింది.

అత్త ముఖం మీది మాస్కు కొంచెం పక్కకి జరిపి, “నీకు నొప్పి తగ్గిందా?” అంది.

పెదనాన్న ఆవిడ పాదాల దగ్గర కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, ఉన్నదంతా చెప్పేశారు.

“వెధవా,” అంది అత్త. “నా మంచంలో పొద్దుట్నించీ నువ్వు పడుకున్నావా!”

మర్నాడు పొద్దున్న పూజ కాగానే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి వెళ్ళాం. పెదనాన్న బీమా కాగితాలు వెనక్కి తీసుకుని, తన బిల్లు తనే కట్టారు. తనకి ఏ నొప్పీ రాలేదని స్వహస్తాలతో రాసి సంతకం పెట్టారు. గుమాస్తాకి అనుమానం ఉండకూడదని మా నాన్న ఆ కాగితం అందరికీ వినపడేలా చదివారు. తర్వాత అన్నదమ్ములిద్దరూ అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, మెట్లన్నీ దింపి మా ఇంటికి తీసుకొచ్చారు.

పిల్లలూ, పదిమంది ఆపద కోసం దాచినదాన్ని అవసరం లేకుండా వాడుకునేవాడు నిజంగా ఆపదలో ఉన్నవాడి చోటు లాక్కుంటాడు. ఆ ఆపదలో ఉన్నది తనవాళ్ళే కావచ్చు.