వేళ్ళకు తెలిసిన సంగతి

వరహాలు ఏడుస్తూ వచ్చింది. చేతికర్ర మడిచి పెట్టడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే కూలబడింది.

"ఆ పని నాకొద్దమ్మా. ఇంక నేను వెళ్ళను" అంది.

జైనబ్బీకి డెబ్బై దాటాయి. పుట్టుకతోనే చూపులేదు. భీమిలిలో తన ఇంట్లోనే చూపులేని ఆడపిల్లలకి మాలీషు నేర్పుతుంది. నేర్చుకున్న పదకొండు మందిలో వరహాలుదే మంచి చెయ్యి. ఆ సంగతి వరహాలుకీ తెలుసు. తెలిస్తే తెలిసింది, నోరు మూసుకుని ఉంటే ఈ గొడవ ఉండేది కాదు!

ఊరి చివర ముసలివాళ్ళని చూసుకునే హోమ్ ఒకటుంది. మంచం దిగలేనివాళ్ళు, దిగినా వెళ్ళడానికి చోటులేనివాళ్ళు అక్కడ ఉంటారు. చూపులేని పిల్లని పనిలోకి తీసుకోవడం వాళ్ళకి అదే మొదలు. "మూడు నెలలు చూస్తాం. బాగుంటే మిగతా పిల్లల్నీ పిలుస్తాం" అన్నాడు మేనేజరు. రెండు నెలలు చక్కగా గడిచాయి. పదిహేను రోజుల నుంచి మాత్రం వరహాలుకి ఒక్క గది తలుపూ తెరుచుకోవడం లేదు.

"ఏం చేశావు?" అంది జైనబ్బీ.

"ఏమీ చెయ్యలేదు. కామేశ్వరి టీచరుగారని ఒకావిడ ఉంది. ఆయాల చేత ఒళ్ళు కూడా తుడిపించుకోదు. నా చేత మాత్రం మోకాళ్ళు పట్టించుకునేది, ఎన్ని కబుర్లు చెప్పేదో! ఆవేళ మొదటిసారి వీపు పట్టమంది. నా వేళ్ళకి గట్టిగా గీతలు తగిలాయి, నడుం దాకా. 'ఇవి బెల్టు దెబ్బలు కదూ టీచరుగారూ? బాగా పాతవి' అన్నాను. ఉన్నమాటే కదా!"

"గదిలో ఇంకెవరున్నారు?"

"పక్క మంచం ఆవిడ. దుప్పట్లు మార్చే ఆయా."

జైనబ్బీ వచ్చి పక్కన కూచుంది.

"టీచరుగారు ఏమంది?"

"చీర లాక్కుంది. 'నీకు కనబడదనే కదే నిన్ను రానిచ్చాను' అంది. అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడదట, అన్నం కూడా గదిలోనే తింటుందట. ఆ పిల్ల వేళ్ళతో గుట్టంతా లాగేస్తుందని మిగతావాళ్ళూ రానివ్వడం లేదు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా మెట్ల మీద ఒక్కదాన్నే కూచుంటున్నాను. పలకరించే దిక్కు లేదు."

జైనబ్బీ లేచి నూనె గిన్నె తెచ్చింది.

"చాప మీద పడుకో."

"నేనా?"

"నువ్వే."

వరహాలు ఎంతమంది ఒళ్ళు పట్టిందో లెక్కలేదు. అమ్మ పోయాక తన ఒంటి మీద మాత్రం ఎవరూ ప్రేమగా చెయ్యి వెయ్యలేదు. ముసలి చెయ్యి మెడ కిందికి రాగానే దుఃఖం తన్నుకొచ్చింది. జైనబ్బీ ఆమెని ఏడవనిచ్చింది.

భుజాలయ్యాయి. కుడిచెయ్యి అయింది. ఎడమచేతి గాజులు మెల్లగా పైకి తోసేసరికి వరహాలు ఊపిరి బిగబట్టింది.

ఆ మణికట్టు మీద మూడు గీతలున్నాయి. చూపు పోయిన ఏడాది బ్లేడుతో తనే కోసుకుంది. ఎప్పుడూ గాజుల కిందే దాచుకుంటుంది, ఎవరికీ చెప్పలేదు.

జైనబ్బీ వేళ్ళకి తెలియనిదంటూ ఉండదు. అవి గీతల మీదికి వచ్చాయి. ఆగలేదు, గబగబా దాటిపోనూ లేదు. మిగతా చేతిని ఎలా పట్టాయో అక్కడా అలాగే పట్టి, అరచేతిలోకి దిగాయి.

బొటనవేలు అయింది. చూపుడువేలు అయింది. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అని వరహాలు బిక్కుబిక్కుమంటూ ఉంది. చిటికెన వేలు కూడా అయిపోయింది.

"అమ్మా" అంది చివరికి, సన్నగా. "నీకు తెలిసింది కదా?"

"తెలిసింది."

"మరి అడగవేం?"

"నువ్వు చెప్పిననాడు వింటాను. బోర్లా తిరుగు, నడుం మిగిలింది."