గదకు బరువెలా వచ్చింది

విజయవాడ ఆటోనగర్ పక్కన ఒక వీడియో గేముల కంపెనీలో ఫణీంద్ర అనే శబ్దాల నిపుణుడు ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది, చెవిలో పదును ఉంది, కానీ ఎంత గట్టిగా మోగితే అంత గొప్ప అనే మొండి నమ్మకం అతన్ని పట్టుకుని వదిలేది కాదు.

ఆటలో గోడ కూలినా, గుర్రం పరిగెత్తినా, ఎవరి ఎముక విరిగినా ఆ చప్పుళ్ళన్నీ ఫణీంద్రే తయారుచేసేవాడు. ఎముకల కోసం ములక్కాడలు విరిచేవాడు. బురదలో నడక కోసం నానబెట్టిన అటుకుల్ని మైకు ముందు పెట్టుకుని పిసికేవాడు. అంతవరకు అతన్ని మెచ్చుకోవలసిందే. చిక్కంతా ఆ తర్వాత వచ్చేది. అతని గదిలో బీరువాలంత స్పీకర్లు రెండు ఉండేవి. వాటి ముందు బల్ల మీద ఒక స్టీలు గ్లాసులో నీళ్ళు పెట్టుకునేవాడు. తను చేసిన చప్పుడుకి గ్లాసులో నీళ్ళు వణికితే పని అయినట్టు. వణక్కపోతే ఇంకో నాలుగు చప్పుళ్ళు తెచ్చి, దాని మీద పొరలు పొరలుగా కలిపేవాడు.

మనిషి మాట కూడా అంతే. అతను మూడో అంతస్తులో "టీ" అంటే కింద గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడేవాడు. కాస్త తగ్గించమని ఎవరైనా అడిగితే, "మీ చెవులకే అలవాటు కావాలి" అనేవాడు.

ఒక సోమవారం కంపెనీ నడిపే వసుంధర గారు అతన్ని పిలిచారు. అప్పటికి ఆరు నెలలుగా వాళ్ళు ఒక కొత్త ఆట తయారుచేస్తున్నారు. అందులో ఆడేవాళ్ళు ఒక వీరుడి చేత గద పట్టించి, రాతికోట తలుపును బద్దలు కొట్టించాలి. మూడు దెబ్బలకు తలుపు కూలుతుంది. ఫణీంద్ర మొదటి నుంచి చివరి దాకా ఒక్కడే శబ్దాలు చేసిన మొదటి ఆట అది.

"ఫణీంద్రా, ఈ ఆట మొత్తం ఆ గద మీదే నిలబడుతుంది" అన్నారామె. "ఆడేవాళ్ళ చేతికి దాని బరువు తెలియాలి. శనివారం కాలేజీల నుంచి ముప్ఫై మంది వచ్చి ఆడతారు. వాళ్ళకి బరువు తెలిస్తే నీ శబ్దాలు ఉంటాయి. తెలియకపోతే ఆట శబ్దాలన్నీ తీసేసి బయటివాళ్ళ చేత చేయిస్తాను. మొహమాటం లేకుండా ముందే చెబుతున్నాను."

ఆరు నెలల పని పోతుందన్న మాట విని ఫణీంద్రకు భయమేసింది. పైకి మాత్రం, "ఆ బరువు సంగతి నాకు వదిలెయ్యండి మేడమ్" అన్నాడు.

ఆ రోజే కూర్చున్నాడు. ఉరుము తెచ్చాడు. లారీ టైరు పేలిన చప్పుడు తెచ్చాడు. క్వారీలో బండ పగిలింది, ఖాళీ గ్యాస్ సిలిండర్ మెట్ల మీద దొర్లింది, సింహం గర్జించింది. గదకీ సింహానికీ ఏం సంబంధమని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. మొత్తం పద్నాలుగు పొరలయ్యాయి. మీట నొక్కితే గ్లాసులో నీళ్ళు వణకడం కాదు, ఒలికాయి. ఫణీంద్ర బల్ల తుడుచుకుని మురిసిపోయాడు.

మంగళవారం నజీమాను పిలిచాడు. తయారైన ఆటను ముందుగా ఆడి తప్పులు పట్టడం ఆ అమ్మాయి పని. రోజూ గుంటూరు నుంచి బస్సులో వచ్చేది. ఆమె పెద్ద స్పీకర్ల ముందు కూర్చోకుండా తన ఫోన్ తీసి ఆట పెట్టుకుంది. మూడు దెబ్బలూ కొట్టి తల ఎత్తింది.

"ఏమీ అనుకోనంటే చెబుతాను సార్."

"చెప్పు, ఎలా ఉంది?"

"అప్పడం విరిగినట్టుంది."

ఫణీంద్ర మొహం మాడిపోయింది. "నీ ఫోన్ బాగాలేదు" అన్నాడు.

"ఆడేవాళ్ళందరి దగ్గరా ఇలాంటి ఫోన్లే కదండీ. బస్సులో ఎవరూ బీరువాలు మోసుకెళ్ళరు."

అతను ఫోన్ లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నిజంగా అప్పడమే. గ్లాసును వణికించిన ఆ లోతైన మోత కందిగింజంత ఫోన్ స్పీకర్లోంచి బయటికి రానే లేదు. దాని పై పెంకు లాంటి చప్పుడు ఒక్కటే టప్‌మని వినిపించింది.

ఇక్కడ మరొకరైతే ఆగి ఆలోచించేవారు. మన ఫణీంద్ర ఇంకా పెంచాడు. పద్నాలుగు పొరలు పంతొమ్మిది చేశాడు. గద మోత ముందు మిగతావి వినిపించడం లేదని గాలినీ, అడుగుల చప్పుడునూ, ఆఖరికి కోట మీద పావురాల్ని కూడా పెంచేశాడు. బుధవారం నజీమా మళ్ళీ ఆడింది. మొదటి దెబ్బకే ఫోన్ దూరంగా పెట్టింది.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"చెవికి నొప్పి తెలిసింది సార్. చేతికి బరువు తెలియలేదు" అంది నజీమా. చెప్పేటప్పుడు ఆమెకీ బాధగానే ఉంది. ఆరు నెలలుగా అతను పడ్డ కష్టం ఆమె చూస్తూనే ఉంది.

గురువారం పొద్దున్నే ఫణీంద్ర రికార్డరు, మైకు, హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుని ఆటోనగర్‌లోకి నడిచాడు. ఊళ్ళో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఎక్కడ పడుతుందో అది పట్టుకోనిదే వెనక్కి రాకూడదని పంతం పట్టాడు. అడగ్గా అడగ్గా అందరూ వీరాచారి కొలిమి చూపించారు.

అక్కడ వీరాచారి గునపాలకు మొనలు సాగదీస్తున్నాడు. ఎర్రగా కాలిన గునపాన్ని పట్టకారుతో తీసి దాగలి అనే ఇనుప దిమ్మ మీద పెట్టేవాడు. రెండో చేతిలోని చిన్న సుత్తితో దాని మీద ఒకచోట టిక్‌మని తట్టేవాడు. ఎదురుగా నిలబడ్డ అతని భార్య మాణిక్యమ్మ సరిగ్గా అక్కడే సమ్మెట దించేది. ఆమె బక్కపలచటి మనిషి. యాభై దాటి ఉంటాయి. కానీ సమ్మెట పడితే దుకాణం ముందు రేకు అదిరేది.

ఫణీంద్ర అనుమతి అడిగి, మైకు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. టిక్. ధామ్. టిక్. ధామ్. విన్న కొద్దీ అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇదే తనకు కావలసింది. అయితే మధ్యలో ఆ టిక్ ఒకటి అడ్డం వస్తోంది.

"అయ్యా, ఆ చిన్న సుత్తి కాసేపు ఆపండి" అని అరిచాడు. "నాకు పెద్ద దెబ్బ ఒక్కటే కావాలి."

వీరాచారి నవ్వాడు. "సుత్తి ఆపితే ఆవిడ ఎక్కడ కొడుతుంది బాబుగారూ? నా చేతి మీదా?"

"ఒక్క దెబ్బకే. మీకు పుణ్యముంటుంది."

సరేనని వీరాచారి చల్లారిన ఇనుపముక్క ఒకటి దాగలి మీద పడేసి దూరం జరిగాడు. మాణిక్యమ్మ కొట్టింది. ఫణీంద్ర ముఖం చిట్లించాడు. చప్పుడు గట్టిగానే ఉంది. కానీ ఏదో ఉత్తుత్తి దెబ్బలా అనిపించింది.

"ఇనుము చల్లారింది, అందుకేనేమో. ఈసారి సుత్తి తట్టండి" అన్నాడు. అదే ముక్క మీద వీరాచారి టిక్‌మనిపించాడు, ఆమె కొట్టింది. మళ్ళీ బరువు వచ్చింది. ఫణీంద్ర రికార్డరు వెనక్కి తిప్పి రెంటినీ పక్కపక్కన పెట్టి విన్నాడు. రికార్డరు తెర మీద రెండు చప్పుళ్ళ గీతలూ ఒకే ఎత్తున ఉన్నాయి. అదే మనిషి, అదే సమ్మెట, అదే ఇనుము. ఒకటి తేలిగ్గా, ఒకటి బరువుగా వినిపిస్తోంది. పదిసార్లు విన్నా అంతే.

"అమ్మా, నువ్వు రెండోసారి గట్టిగా కొట్టావా?" అన్నాడు.

"లేదు బాబూ, ఒకేలా కొట్టాను. తేడా నీలో ఉంది" అంది మాణిక్యమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "సుత్తి తట్టాక దెబ్బ పడబోతోందని తెలిసిపోద్ది కదా. అప్పుడు నేను ఊపిరి బిగబడతాను. ఇందాక నువ్వూ బిగబట్టావు, నేను చూశాను. ఆ కాస్త ఆగడంలోనే సమ్మెట బరువెక్కేది. ఆగకుండా టపటపా బాదితే చెయ్యి నొప్పే గానీ ఇనుము సాగదు."

మళ్ళీ గునపం కొలిమిలోంచి బయటికొచ్చింది. ఈసారి ఫణీంద్ర దెబ్బను వదిలేసి, దాని ముందూ వెనకా ఉన్నదాన్ని విన్నాడు. టిక్. బిగబట్టిన ఊపిరి. ధామ్. ఆ తర్వాత కాలిన ఇనుము పొట్టు దాగలి మీంచి చిటచిటా రాలుతోంది. ఈ చిన్న చప్పుళ్ళన్నీ ఫోన్‌లో చక్కగా వినిపిస్తాయి. తను మూడు రోజులుగా ఉరుములతో, సింహాలతో తొక్కేసింది వీటినే. అతనికి సిగ్గేసింది. సిగ్గు వెనకే పంతం కూడా వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే కూర్చుని ఒక్కొక్క పొరా తీసెయ్యడం మొదలుపెట్టాడు. సింహాన్ని పంపించేశాడు. ఉరుమును పంపించేశాడు. సొంతగా కూడబెట్టుకున్నవి పారేస్తుంటే ప్రాణం ఉసూరుమనేది, అయినా ఆగలేదు. చివరికి, కొలిమి దగ్గర పట్టుకున్నవి కూడా కలుపుకుని నాలుగే మిగిలాయి. గద పైకి లేవగానే పిడికి ఉన్న ఇనుప కడియం టిక్‌మంటుంది. ఆ వెంటనే గాలి ఆగిపోతుంది, పావురాలు ఆగిపోతాయి, వీరుడు ఊపిరి బిగబడతాడు. ఒక్క క్షణం ఏమీ ఉండదు. అప్పుడు దెబ్బ పడుతుంది. ఆ తర్వాత తలుపు మీంచి రాళ్ళపొడి రాలి, ఆఖరున ఒక గులకరాయి దొర్లుకుంటూ వెళ్ళి ఆగుతుంది.

ఆ ఒక్క క్షణం ఎంతసేపు ఉండాలన్నది తేలడానికి సాయంత్రమైంది. కాస్త తగ్గితే దెబ్బ మళ్ళీ అప్పడమయ్యేది. కాస్త పెరిగితే ఆట పాడైందేమో అనిపించేది. నలభై రెండుసార్లు మార్చి, ప్రతిసారీ ఫోన్‌లోనే విన్నాడు. నలభై మూడోసారి తన ఊపిరే ఆగింది. అలవాటు కొద్దీ బల్ల వైపు చూశాడు. గ్లాసులో నీళ్ళు కదల్లేదు. ఫణీంద్ర వాటిని తాగేశాడు.

శనివారం ముప్ఫై మంది వచ్చారు. హాలంతా ఫ్యాన్ల రొద, కుర్చీల రొద, కుర్రకారు కబుర్లు. అందరూ ఎవరి ఫోన్ వాళ్ళు తీసి ఒకేసారి ఆట మొదలుపెట్టారు. వసుంధర గారు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. నజీమా పక్కనే ఉంది.

మొదటి దెబ్బ పడింది. కబుర్లు తగ్గాయి. రెండో దెబ్బకు, ముందు వరసలో ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్న ఒక అమ్మాయి రెండో చెయ్యి కూడా వేసింది. ఆమె పక్కవాడూ వేశాడు. మూడో దెబ్బకు హాల్లో ఒంటిచేత్తో పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. తలుపు కూలింది, గులకరాయి దొర్లి ఆగింది. అప్పుడు గానీ వాళ్ళు కుర్చీల్లో వెనక్కి వాలలేదు.

వసుంధర గారు ఆ చేతులన్నిటినీ చూశారు. "ఇంకెవరినీ అడగక్కర్లేదు. నీ శబ్దాలే ఉంటాయి" అన్నారు. "ఎన్ని పొరలు వేశావు?"

"నాలుగండీ."

వినపడక ఆమె దగ్గరికి వంగారు. ఫణీంద్ర మాట వినడానికి ఎవరైనా వంగడం ఆ కంపెనీలో అదే మొదటిసారి.

"నాలుగే మేడమ్. మిగతావన్నీ తీసేశాను" అన్నాడు మెల్లగా.

నజీమా తన ఫోన్ ఎత్తి చూపించింది. "అప్పడం కాదు సార్. బరువుకి చెయ్యి దిగింది" అంది. ఆరు నెలల్లో అతనికి దక్కిన పెద్ద మెప్పు అదే.

సోమవారం అతను కొలిమికి వెళ్ళి ఆటను మాణిక్యమ్మ చేతికిచ్చాడు. ఆమె గద ఎత్తింది. కడియం టిక్‌మనగానే అలవాటుగా ఊపిరి బిగబట్టింది. దెబ్బ పడ్డాక నవ్వి, "ఇనుము సాగుద్ది" అంది.

పిల్లలూ, ఎప్పుడూ గట్టిగా మోగేదాన్ని లోకం చప్పుడుగానే వింటుంది. ఆగవలసిన చోట ఆగడం నేర్చుకున్నవాళ్ళ దెబ్బకే, వాళ్ళ మాటకే బరువుంటుంది.