కొంగు లేని పెళ్ళిచీర

అనగనగా, ఏరు దాటితే వచ్చే ఒక ఊరు ఉండేదమ్మా. తెల్లారేసరికి ఇంటింటా మగ్గాల చప్పుడు మొదలయ్యే ఊరు. ఆ ఊళ్ళో వరాలు అని ఒక పిల్ల ఉండేది. దుప్పటి సరిగ్గా కప్పుకో. కొంచెం భయం కథ ఇది.

వరాలుకి తొమ్మిదో ఏట అమ్మ పోయింది. నాన్న పగలంతా మగ్గం పనికి పోయేవాడు, అందుకని అప్పటినుంచీ ఆయన చెల్లెలు సూరమ్మత్తే పెంచింది. సూరమ్మత్తకి చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లలు లేరు. అందుకని ప్రాణాలన్నీ వరాలు మీదే పెట్టుకుంది.

ఆ ఇంట్లో ఒక చెక్కపెట్టె ఉండేది. పెట్టెలో వరాలు వాళ్ళమ్మ పెళ్ళిచీర. పసుపుపచ్చటి పట్టు, ఎర్రంచు, కొంగున జానెడు వెండి జరీ. ఎప్పుడో ముత్తాత తన చేత్తో నేసి కూతురికి పెట్టిన చీర అది. మొదట వరాలు అమ్మమ్మ కట్టింది. ఆ తర్వాత పెద్దమ్మ కట్టింది. ఆ తర్వాత అమ్మ కట్టింది.

అమ్మ మంచాన పడ్డప్పుడు వరాలుని కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పింది. మాఘమాసంలో, గాలిలో చెమ్మ తగ్గాక తీయి. ఎండలో వేయకు, నీడలో ఆరబెట్టు. నిరుటి మడత మీద మళ్ళీ మడత వేయకు, జరీ విరుగుతుంది. పాత పంచెలో చుట్టి, వేపాకూ వసకొమ్మూ పెట్టి మూత వేయి. వరాలు ఏటేటా అలాగే చేసేది. ఎర్రంచు మీద అమ్మ బొటనవేలి పసుపు మరక ఒకటి ఉండేది. ఆ మరక మీద తన వేలు పెట్టి, కాసేపు ఊరుకుని, అప్పుడు మడిచేది.

ఆ ఊరికి అప్పుడప్పుడు ఒక మనిషి వచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా, భుజాన పెద్ద గోనెసంచి. చేతివేళ్ళు కాలి నల్లబడి ఉండేవి. "పాత పట్టుచీరలకి గిన్నెలిస్తాం" అని అరుచుకుంటూ వీధివీధీ తిరిగేవాడు. చీరలు పట్టుకెళ్ళి ఏం చేస్తాడో తెలుసా? కాలుస్తాడు. పట్టు బూడిదవుతుంది, జరీలో వెండి కరిగి చుక్కగా అడుగున నిలుస్తుంది. అతను వీధిలోకొస్తే జుట్టు కాలిన వాసన వచ్చేది. పట్టు కాలితే అదే వాసనమ్మా. పిల్లలు లోపలికి పారిపోయేవాళ్ళు.

మొదటిసారి అతను వాళ్ళ వాకిట్లోకొచ్చినప్పుడు వరాలు చిన్నపిల్ల. పరుగెత్తుకెళ్ళి పెట్టె మీదెక్కి కూర్చుంది. అతని అరుపు వీధి చివరికి పోయిందాకా దిగలేదు.

రెండోసారి వచ్చినప్పుడు వరాలుకి పదిహేనేళ్ళు. దాహమన్నాడు. చెంబుతో నీళ్ళిచ్చింది. తాగి, గుమ్మంలోంచి లోపలికి చూసి, "మీ ఇంట్లో మంచి వెండి జరీ ఉంది కదూ తల్లీ" అన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. వరాలు చెంబు లాక్కుని తలుపేసేసింది.

మూడోసారి వచ్చినప్పుడు వరాలు ఇంట్లో లేదు.

అప్పటికి వరాలుకి పెళ్ళి కుదిరింది. ఇంక పదకొండు రోజులుందనగా గాజులు వేయించుకోవడానికి పక్క ఊరు వెళ్ళింది. ఎండ నడినెత్తికి రాకముందే తిరిగొచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే జుట్టు కాలిన వాసన తగిలింది. చూస్తే పెట్టె మూత తెరిచి ఉంది. గూట్లో ఒక కొత్త స్టీలు బిందె, నాలుగు గిన్నెలు మెరుస్తున్నాయి. సూరమ్మత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"అత్తా, చీరేది?"

"ఇచ్చేశాను."

"ఎందుకిచ్చావు?"

సూరమ్మత్త కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత మెల్లగా అంది. "మీ అమ్మమ్మ ఆ చీర కట్టింది, ఇరవై ఆరో ఏట పురుట్లో పోయింది. మీ పెద్దమ్మ కట్టింది, ముప్ఫై అయిదో ఏట ఏట్లో పడవ తిరగబడి పోయింది. మీ అమ్మ ముప్ఫై ఒకటికి జ్వరంతో పోయింది. ముగ్గురిలో ఒక్కరూ నలభై చూడలేదే. నువ్వు దాన్ని చుట్టుకుని పీటల మీద కూర్చుంటానంటే నేనెలా చూసేది? కాలిపోనీ దాన్ని. నువ్వు బతకాలి. నాకంతే తెలుసు."

ఆ మాట వరాలుకి కొత్త కాదు. బావి దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుకోవడం తనూ విన్నది. విని, ఎవరికీ చెప్పకుండా మనసులోనే పెట్టుకుంది. అందుకే వెంటనే కదల్లేకపోయింది. పోతే పోనీ అని కూడా అనిపించింది.

అప్పుడు పెట్టెలోకి చూసింది. పాత పంచె ఒక్కటే ఉంది, రాలిన వేపాకులతో. అమ్మని ఒకసారి నిప్పుకిచ్చాం, మళ్ళీ ఇవ్వనా అనుకుంది. గిన్నెలు బిందెలో వేసుకుని, బిందె చంకనెత్తుకుని, వీధిలోకి నడిచింది. వెనక నుంచి అత్త పిలుస్తున్నా ఆగలేదు.

మొదట ఊరిచివర కుమ్మరి ఇంటి దగ్గర అడిగింది. "ఇందాకే పోయాడు, ఏటివైపు" అంది కుమ్మరామె.

ఆ తర్వాత రేవు దగ్గర పడవవాణ్ణి అడిగింది. "అవతల ఒడ్డున దింపాను. సంచి నిండా చీరలే. ఎండ వాలగానే కుంపటి రాజేస్తాడమ్మా, తొందరగా పో" అన్నాడు. ఏరు నిండుగా ఉంది. పెద్దమ్మ పోయింది ఆ ఏట్లోనే. వరాలు పడవ మధ్యలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

అవతలి ఒడ్డున ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. వాసనే దారి చూపించింది. పాడుబడిన ఇటుకబట్టీ వెనక ఒక రేకుల కొట్టం. పైన సన్నగా పొగ. వరాలు కొట్టం ముందే ఆగిపోయింది. చంకన బిందె సర్దుకుంటే గిన్నెలు గలగలమన్నాయి.

"ఎవరది?" అన్నాడు లోపలినుంచి.

"నేను తాతా. ఏటవతల నుంచి. మా చీర పొరపాటున ఇచ్చేశారు. మీ గిన్నెలు తెచ్చాను."

లోపల చీకటిగా ఉంది. మూలన పైకప్పు తగిలేంత ఎత్తు చీరల గుట్ట. పెళ్ళిచీరలేనమ్మా అన్నీ. ఎవరెవరి పెళ్ళిళ్ళలోవో. కొంగులు కత్తిరించినవి కొన్ని, కత్తిరించనివి కొన్ని. మధ్యలో కుంపటి, దాని మీద మట్టి మూకుడు. అతను పక్కన కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

"పసుప్పచ్చదేనా, ఎర్రంచుది?" అని అడిగాడు. "దాని కొంగు అయిపోయింది." మూకుడు వంచి చూపించాడు. అడుగున రేగిగింజంత తెల్లటి చుక్క. "జరీ ఎక్కువున్నదని దాన్నే ముందు వేశాను."

వరాలు బిందె కింద పెట్టింది. "మిగతాదైనా ఇవ్వండి తాతా" అంది.

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆ తర్వాత కుంపటి వైపు తిరిగి, తనలో తను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఈ మూకుట్లో మొదట కరిగింది మా ఇంటిదాని పెళ్ళిచీరే. పిల్లలకి గంజి దొరకని ఏడాది అది. తనే తెచ్చిచ్చింది. ఆ తర్వాత ఎవరి చీర తెచ్చినా నాకు ఒకటే అయిపోయింది." కత్తెర కింద పెట్టి, "వెతుక్కో. బొగ్గులు మళ్ళీ ఎర్రబడేదాకా ఆగుతాను. ఆ తర్వాత చేతికందింది వేసేస్తాను" అన్నాడు.

వరాలు గుట్ట ముందు కూలబడింది. ఆ మసకలో పసుప్పచ్చ చీరలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. చేత్తో తడిమింది, తెలియలేదు. అంచులు వెతికింది, సగం చీరలకి అంచులే లేవు. వెనక బొగ్గులు చిటపటమంటున్నాయి. అప్పుడు ఒక్కో చీరా మొహానికి ఆనించుకుని వాసన చూడసాగింది. ఒకదానికి పొగ వాసన. ఒకదానికి చెమ్మ వాసన. ఒకదానికి ఎవరో పూసుకున్న గంధం వాసన ఇంకా ఉంది. ఏ చీరా తనది కాదు. కళ్ళు మండుతున్నాయి. వెనక అతను లేచిన చప్పుడైంది. అప్పుడు అడుగునున్న ఒక చీర లాగింది. వసకొమ్ము వాసన సన్నగా, చాలా సన్నగా తగిలింది. గుమ్మం దగ్గర వెలుతురులోకి తెచ్చి అంచు చూసింది. మరక ఉంది.

గిన్నెలు తీసుకుని అతను బిందె తిరిగిచ్చేశాడు. "కొంగు నేను తీసుకున్నానుగా" అన్నాడు.

పొద్దు వాలేవేళకి వరాలు ఏరు దాటింది. ఒడ్డున సూరమ్మత్త నిలబడి ఉంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉందట. వరాలు చేతిలో చీర చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

"కట్టుకుంటావా?"

"కట్టుకుంటాను."

"భయం లేదుటే నీకు?"

"ఉందత్తా. చాలా ఉంది. కానీ పురుడూ ఏరూ జ్వరమూ చీర తెచ్చినవి కావు. కాదని నాకు నేనే చెప్పుకోవాలి, అందుకే కట్టుకుంటాను."

ఆ తర్వాత వరాలు నాన్న మగ్గమెక్కాడు. ఎనిమిది రోజుల్లో కొత్త కొంగు నేశాడు, ఎర్రటిది, జరీ లేనిది. సూరమ్మత్త దారం కండెలకి చుట్టింది. పాతదానికీ కొత్తదానికీ అతుకు కనిపిస్తూనే ఉంది.

పెళ్ళినాడు వరాలు పీటల మీద కూర్చుంటుంటే నడుం దగ్గర పట్టు పుటుక్కుమంది. భర్త పోయినవాళ్ళు పీటల దగ్గరికి రాకూడదని సూరమ్మత్త వెనక గదిలో నిలబడి, తలుపు సందులోంచి చూస్తోంది. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. వరాలు చిరుగు మీద అరచెయ్యి ఆనించుకుని, అలాగే తాళి కట్టించుకుంది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. కానీ సూరమ్మత్త భయం గడవలేదమ్మా. వరాలుకి ఇరవై ఆరో ఏడొచ్చింది, కడుపుతో ఉంది. పురుడయ్యేదాకా అత్త గడప దాటి పోలేదు. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారు.

ముప్ఫై ఒకటో ఏడొచ్చింది. ఆ ఏడు వరాలుకి నిజంగానే జ్వరం వచ్చింది. అచ్చం వాళ్ళమ్మకి వచ్చినట్టే, ఒళ్ళు కాలిపోతూ. పది రోజులు కళ్ళు తెరవలేదు. సూరమ్మత్త తడిగుడ్డ మారుస్తూ, "ఆ చీర నిన్ను తిరిగి తెచ్చుకోనివ్వకుండా ఉండాల్సిందే" అని గొణుక్కునేది. వరాలుకి ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వినబడేవి. నిజమేనేమో, తన వంతు వచ్చిందేమో అని భయపడేది. పక్కన కూతురు తన కొంగు పట్టుకుని పడుకునేది. ఆ చిన్న పిడికిలి ఒక్కటే తెలిసేది వరాలుకి. పదకొండో రోజు పొద్దున చెమట పట్టింది. జ్వరం దిగింది. గంజి అడిగింది.

ముప్ఫై అయిదో ఏడొచ్చి, ఊరికే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వరాలు కూతురి పెళ్ళి వచ్చింది. చీర అప్పటికి బాగా నలిగింది, ఒంటికి చుడితే ఆగేలా లేదు. అందుకని భుజాల మీద కప్పితే చాలనుకున్నారు. సూరమ్మత్త బాగా ముసలిదైంది. అలవాటు ప్రకారం వెనక గదిలో కూర్చుంది. వరాలు వెళ్ళి చెయ్యి పట్టుకుని, అందరి ముందు నుంచీ నడిపించుకొచ్చింది. చీర ఆమె చేతుల్లో పెట్టి, "నువ్వు కప్పత్తా" అంది.

సూరమ్మత్త చీర వైపు చూసింది. పెళ్ళికూతురి వైపు చూసింది. ఆ తర్వాత వరాలు జుట్టులో తెల్లవెంట్రుకల వైపు చూసింది.

"నీకిప్పుడు ఎన్నేళ్ళే?"

"నలభై రెండత్తా."

"నలభై రెండు" అని సూరమ్మత్త ఇంకోసారి మెల్లగా అనుకుంది. అనుకుని, చీర విప్పి, పిల్ల భుజాల మీద కప్పింది.

పట్టుచీర పెట్టెలోకి,
చిట్టితల్లి దుప్పట్లోకి,
కథ వెళ్ళింది కంచిలోకి,
మనం పోదాం నిద్రలోకి.