బడిలో ఆరున్నొకటి

ముందే చెప్పేస్తున్నాను, నేను వరుస తప్పుతానేమో. జ్వరం ముందు వచ్చిందో, బడి ముందు వచ్చిందో ఒక్కోసారి నాకే తెలియదు. మా అమ్మమ్మ చెప్పగా ఒకలా విన్నాను, మా మేనత్త చెప్పగా ఇంకోలా విన్నాను. రెండూ నాలో కలిసిపోయాయి. అయినా నాతో పోకూడదని రాస్తున్నాను.

వెనకటికి, ఆ వెనకటికి కూడా వెనక, కొండకీ సముద్రానికీ మధ్య ఒక గెడ్డ పారేది. గెడ్డ అంటే చిన్న ఏరు. ఎండాకాలం దాన్ని పిల్లి దాటుతుంది. వానాకాలం దాని ముందు ఏనుగు కూడా ఆగుతుంది. ఆ గెడ్డ ఒడ్డున, జీడితోటల మధ్య, ముప్పై గడపల ఊరు. ఆ ఊళ్లో కుంచం అసిరయ్య అని ఒకాయన ఉండేవాడు.

ఆయనకు పొలం లేదు. ఎద్దు లేదు. పెళ్లాం, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక గొంతు. నూర్పులయ్యాక కళ్లంలో ధాన్యం కొలిచే పని ఆయనది. తలకు తుండు చుట్టి, తూర్పు ముఖంగా కూర్చుని, కుంచంతో పోస్తూ పాటలాగా లెక్కపెట్టేవాడు.

"లాభం... రెండు... మూడు..."

ఒకటి అనడు. మొదటి కుంచం ఎప్పుడూ లాభమే. అలా ఆరు దాకా వెళ్లి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకునేవాడు.

"ఆరున్నొకటి... ఎనిమిది..."

ఏడు అనడు. ధాన్యం ముందు కూర్చుని ఏడు అంటే ఏడవమన్నట్టే కదా. పెద్దవాళ్లంతా అలాగే కొలిచేవారు. అసిరయ్య మాత్రం కళ్లం దాటాక కూడా అంతే. కోడిపిల్లలకీ అదే లెక్క, కొబ్బరికాయలకీ అదే లెక్క.

పిల్లలు ఆటపట్టించేవారు.

"తాతా, నీకు పళ్లెన్ని?"

"లాభం, రెండు, మూడు."

"అంతేనా?"

"అంతేరా గుంటా. నాలుగోది నిన్న సెరుకు ముక్కతో ఎల్లిపోనాది."

అలా ఉండగా ఆ ఊరికి బడి వచ్చింది. తాటాకు పాక, ఒక నల్లబల్ల, గుమ్మం మీద ఒక బోర్డు. పట్నం నుంచి భుజంగరావు మాస్టారు వచ్చాడు. మెత్తటి మనిషి. తల్లులు పిల్లల తలలకు నూనె రాసి, దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. మాస్టారు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టాడు. ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు."

తరువాతివాడు సూరీడు. పైడమ్మ కొడుకు, ఆరేళ్లవాడు. వాడి తల మీద చెయ్యి వేసి మాస్టారు, "ఏడు" అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ వానాకాలం ఊరికి జ్వరం వచ్చింది. ఇంటింటికీ వచ్చింది. అందరినీ వదిలి, సూరీణ్ణి తీసుకుపోయింది.

పదకొండో రోజు దాటాక పైడమ్మ బడి ముందుకొచ్చి నిలబడింది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఒక్కటే మాట అంది.

"ఏడు అన్నారు. ఏడిపించినారు."

సూరీడి చెల్లెలు మంగి అప్పటికే వరుసలో చివర కూర్చుని ఉంది. దాని చెయ్యి పట్టుకుని లేపి ఇంటికి తీసుకుపోయింది. ఆమె వెనక ఇంకో తల్లి. ఆ తల్లి వెనక ఇంకో తల్లి. సాయంత్రానికి బడిలో చాపలే మిగిలాయి.

మరునాటి నుంచి మాస్టారు రోజూ గంట కొట్టేవాడు. గెడ్డ అవతలి కొండ ఆ గంటకు బదులు పలికేది. పిల్లలు పలికేవారు కాదు.

అసిరయ్యకు అది బాధగా ఉండేది. ఆయనకు అక్షరం రాదు. అయినా పాక వెనక నీడలో కూర్చుని పిల్లలు పాఠం వల్లించడం వినేవాడు. కళ్లంలో గింజ మీద గింజ పడుతున్న చప్పుడులా ఉంటుందది అనేవాడు. వింటూ వింటూ కునికేవాడు. ఇప్పుడు వినడానికేమీ లేదు.

ఒకనాడు మాస్టారు ఆయన దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అసిరయ్యా, నాలుగో రోజున తనిఖీ బాబు వస్తున్నాడు. ఇరవై తలలు కనపడకపోతే బోర్డు పీకి గెడ్డ అవతలి ఊరికి పట్టుకుపోతారు."

"అవతలికైతే మన గుంటలెలా ఎల్తారు బాబూ?"

"ఎండాకాలం వెళ్తారు. వానాకాలం వెళ్లరు."

"ఆర్నెల్లు నేర్సింది ఆర్నెల్లు మర్సిపోతారు. అయితే అది సదువు కాదు బాబూ, గెడ్డలో నీరు."

మాస్టారు తల వంచుకున్నాడు. "నేను కళ్లం ఎరగను. మా ఇంటికి బియ్యం సంచుల్లో వచ్చేవి. ఆ మాట అనకూడదని నాకెవరూ చెప్పలేదు."

"తెలిసినోళ్లం మేమూ గుమ్మంలోనే ఉన్నాం. మేమూ సెప్పనేదు" అన్నాడు అసిరయ్య.

పైడమ్మ పంపితే అందరూ పంపుతారు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. అందుకని అసిరయ్య పైడమ్మ ఇంటికి వెళ్లాడు.

మొదటి రోజు వెళ్లేసరికి ఆమె వడ్లు దంచుతోంది. "కోడలా" అన్నాడు. రోకలి ఆగలేదు. దంపుడు అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాడు. అయ్యాక ఆమె చేట పట్టుకుని లోపలికి పోయింది. ఆయన వచ్చేశాడు.

రెండో రోజు వెళ్లేసరికి ఆమె వాకిట్లో ఉంది. "కోడలా" అన్నాడు.

"మావా, నీ నోట్లో మూడు పళ్లున్నాయి. ఆటిని జాగర్తగా ఇంటికి పట్టుకెల్లు" అంది.

ఆయన వచ్చేశాడు. వస్తూ చూస్తే తలుపు వెనక మంగి ఉంది. అన్న పలక ఒళ్లో పెట్టుకుని, దాని మీద వేలితో ఏదో దిద్దుకుంటోంది. బలపం లేదు. వేలే.

మూడో రోజు పొద్దున్నే వెళ్లాడు. ఊరంతా మంచు. ఇళ్లు కనపడవు, పైకప్పులు మాత్రం నీళ్ల మీద పడవల్లా తేలుతున్నాయి. ఆ మంచులోంచి "కోడలా" అన్నాడు.

"సెప్పు మావా."

"నాను లెక్కెడతాను. లాభం అంటాను. ఆరున్నొకటి అంటాను. ఆ మాట ఏ గుంటకీ తగలనివ్వను."

"నీ నోటికి ఆరున్నొకటి వొచ్చు. తనిఖీ బాబు నోటికి రాదు. ఆయన కర్ర ఎత్తి ఏడు అంటాడు. ఆ ఏడో సోట ఏ తల్లి బిడ్డని నిలబెడతావు? పేరు సెప్పు."

అసిరయ్య ముప్పై గడపలూ మనసులో తిరిగాడు. ఏ గడప దగ్గరా పేరు నోటికి రాలేదు. మంచు మెల్లగా కరిగింది. జీడిచెట్లు ఒక్కొక్కటీ బయటికొచ్చి నిలబడ్డాయి. అప్పుడన్నాడు.

"నన్ను."

"ఏటి?"

"ఆ సోట నాను నిలబడతాను. ఎవలికోసమైనా ఏడవాల్సొస్తే నాకోసం ఏడండి. నాకెలాగూ ఏడిసీవోళ్లు నేరు."

పైడమ్మ ఆయన వంక చూసింది. తరువాత లోపలికెళ్లి ఉట్టి మీంచి నూనె బుడ్డి తీసింది. మంగిని ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాయడం మొదలుపెట్టింది.

పక్కింటామె గోడ మీంచి చూసింది. "పైడమ్మ నూనె తీసింది" అని వెనకింటికి చెప్పింది. "పైడమ్మ నూనె తీసిందంట" అని వెనకిల్లు ఎదురింటికి చెప్పింది. "పైడమ్మ నూనె తీసిందంటే తీసిందంట" అని ఎదురిల్లు ఊరంతటికీ చెప్పింది. పొద్దు వాలేసరికి ఊరు ఊరంతా కొబ్బరినూనె వాసన.

మరునాడు తనిఖీ బాబు గుర్రం మీద వచ్చాడు. పిల్లలు బడి ముందు వరుసగా నిలబడ్డారు. మాస్టారు పెదవి కదపకుండా లెక్క చూసుకున్నాడు. పందొమ్మిది మంది. ఒకరు తక్కువ.

తనిఖీ బాబు కర్ర ఎత్తాడు. కళ్లు కాగితం మీదే ఉన్నాయి.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఏడు."

కర్ర ముసలి గుండెకు తగిలింది. బాబు తలెత్తాడు.

"ఎవరు నువ్వు?"

"సదువుకోడానికొచ్చినాను బాబూ."

"ఈ వయసులోనా?"

"బయలెల్లి సానాకాలమైనాది. బడే ఆలీసంగా వొచ్చింది."

పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. బాబు నవ్వలేదు.

"అ ఆలు వచ్చా?"

"వొస్తే ఎందుకొస్తాను బాబూ?"

తనిఖీ బాబు మాస్టారి వంక చూశాడు. మాస్టారు నేల వంక చూశాడు. బాబు గుమ్మం దగ్గర తల్లుల వంక చూశాడు. వాళ్లు ఊపిరి బిగపట్టి ఉన్నారు. ఏమర్థమైందో ఏమో, కాగితం మీద ఏదో రాసి, కర్ర ముందుకు జరిపాడు. ఎనిమిది అన్నాడు, తొమ్మిది అన్నాడు. చివరికి ఇరవై అన్నాడు.

"రోజూ వస్తేనే ఈ లెక్క. నువ్వు మానితే బడి మానినట్టే" అని గుర్రమెక్కాడు.

అలా కుంచం అసిరయ్య బడిలో చేరాడు. ఏడో చోట ఆయన చాప. నూర్పుల రోజుల్లో తెల్లారకుండానే ధాన్యం కొలిచి, తలలో పొట్టుతోనే పరిగెత్తుకొచ్చేవాడు. మాస్టారు హాజరు పిలుస్తూ ఆరు దాటగానే ఆగేవాడు. "ఆరున్నొకటి వొచ్చినాడు బాబూ" అని ఆయనే పలికేవాడు. మంగి ఆయన చెయ్యి పట్టుకుని దిద్దించేది. కుంచం పట్టి కాయలు కాసిన చెయ్యి. బలపం అందులో నిలిచేది కాదు. ఒక ఏడాదికి అక్షరాలు వచ్చాయి. రెండో ఏడాది గుణింతం వచ్చింది.

తనిఖీ బాబు రెండోసారి వచ్చాడు. కర్ర ఏడో చోట ఆగింది. "ఆరున్నొకటి వొచ్చినాడు బాబూ" అన్నాడు అసిరయ్య.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"ఒత్తుల కాడ ఆగిపోనాను బాబూ."

ఈసారి బాబు నవ్వాడు.

మూడో ఏడాది వానాకాలం. మధ్యాహ్నం. బయట సన్నగా జల్లు. పిల్లలు ఎక్కం వల్లిస్తున్నారు. అసిరయ్య గుంజకు ఆనుకుని వింటూ కునికాడు. గింజ మీద గింజ, గింజ మీద గింజ. ఎక్కం అయిపోయింది. ఆయన లేవలేదు. పలక ఒళ్లోనే ఉంది.

ఏడ్చేవాళ్లు లేరన్న మనిషికి ముప్పై గడపలూ ఏడ్చాయి.

"ఆ మాటే ఈయన్నీ పట్టుకుపోనాది" అన్నారు కొందరు.

పైడమ్మ అంది, "మూడేళ్లు ఆ సోట కూసున్నాడు. మాట పట్టుకుపోయీదైతే ఆ రోజే పట్టుకుపోవాల. ముసలై పోనాడు. జొరమొచ్చి నా కొడుకు పోనాడు." ఆ మాట అన్నాక ఆమె మొదటిసారి గట్టిగా ఏడ్చిందట. ఎవరికోసమో, ఇద్దరికోసమూనేమో.

కొద్ది రోజులకే తనిఖీ బాబు మూడోసారి వచ్చాడు. పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఆరుగురి తరువాత ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. ఎవరూ వదలమనలేదు. ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు. ఉన్నది పందొమ్మిది మందే.

"ఆరు" అన్నాడు బాబు. కర్ర గాలిలో ఆగింది. "ఏడీ, ఆ ముసలాయన?"

మంగి వెక్కిళ్లు పెట్టింది.

అప్పుడు గుమ్మంలోంచి పైడమ్మ కదిలింది. చేతులకు ఇంకా తవుడు అంటుకునే ఉంది. కొంగు దోపుకుని వచ్చి, తన కొడుకు నిలబడ్డ చోట, అసిరయ్య నిలబడ్డ చోట, నిలబడింది.

"ఇంటికొకలం వంతు నిలబడతాం బాబూ. ఈసారి వంతు నాది. లెక్కెట్టండి."

తనిఖీ బాబు ఆమె ముఖం చూశాడు. కర్ర దించాడు. దించి, మెల్లగా, కళ్లంలో కొలిచేవాడి గొంతుతో అన్నాడు.

"ఆరున్నొకటి."

గుమ్మం దగ్గర తల్లులు ఊపిరి వదిలారు.

బోర్డు ఆ ఊరు దాటిపోలేదు. గెడ్డ మీద వంతెన పడ్డాక కూడా బడి అక్కడే ఉంది. ఇప్పటికీ బడి తెరిచిన రోజు పిల్లల వరుసలో ఏడో చోట ఒక పెద్ద మనిషి నిలబడాలి. తల్లో, తాతో, మేనమామో, వంతు ఎవరిదైతే వాళ్లు. ఆ పూటంతా ఆ చాప మీద కూర్చుని, ఒక్క అక్షరమైనా దిద్దందే ఇంటికి పోకూడదు. మా అమ్మమ్మకు మూడు వంతులొచ్చాయట, మూడు అక్షరాలొచ్చాయట. కొత్త మాస్టారు ఎవరొచ్చినా బస్సు దిగగానే చెప్పేస్తారు, "మా బళ్లో ఏడు నేదు బాబూ" అని. ఎక్కాల్లో మాత్రం చదువుతారు. అక్కడ మానితే లెక్క కుదరదుగా. మంచు దట్టంగా పడ్డ పొద్దున పిల్లలు వరుస కడితే, దూరం నుంచి ఒకరు ఎక్కువ కనపడతారట. దగ్గరికెళ్తే సరిపోతారట. ఎవరూ భయపడరు.

దమయంతీ, మీ అత్తవారిది ఆ వైపే కదా, ఈ పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా. మాస్టారు భుజంగరావో భుజంగరాజో అడుగు. మంగి మంగో, గంగో. అవి అటూ ఇటూ అయితే దిద్దు, నేనేమీ అనుకోను. ఆ పిల్లాడిది మాత్రం సూరీడు అని రాశాను. అది నిజమో కాదో పెద్దవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని అడిగి మరీ చెప్పు.