అంచులో మిగిలిన చెయ్యి

భుజంగరావు మాస్టారికి ఏ ఫొటో చేతికిచ్చినా ముందు అంచులు చూడడం అలవాటు. నాలుగు మూలలూ నెమ్మదిగా చూసుకుని, ఆ తర్వాతే నడుమనున్న మనిషి దగ్గరికి వచ్చేవారు. కళ్ళకి శుక్లాలు కమ్మాక కెమెరా శిష్యుడు మురహరికి ఇచ్చేశారు గాని, ఈ అలవాటు మానలేదు. వారి స్టూడియో మెట్ల పక్కన కూర్చుని పూలు కట్టి అమ్ముకునేదాన్ని కాబట్టి ఇదంతా నేను కళ్ళారా చూసిందే.

ఒకనాడు మురహరి అడిగాడు. "మాస్టారూ, సంతలో మనుషుల్ని తియ్యి, బడిలో భోజనాలు తియ్యి అంటారు. రోజూ జరిగేదాంట్లో అర్థం ఎక్కడుందని వెతకను?"

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని, చేతిలో ఉన్న ఫొటో మూలలు చూడడంలో పడ్డారు.

ఆ వారంలోనే, బడిలో వంట చేసే పోలమ్మ పోయింది. ఇరవై ఏళ్ళు ఆ పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. తొమ్మిదో నాడు కూతురు రాములమ్మ వచ్చి, ఎల్లుండి పెద్దకర్మకి తల్లి పటం కావాలంది. ఇంట్లో ఉన్నది ఆధార్ కార్డు ఒక్కటే. అందులో పోలమ్మ, చెయ్యని తప్పుకి దొరికిపోయినట్టు బెదురుచూపులు చూస్తోంది.

"దానికేం అక్కా, ఇందులోంచి ముఖం తీసి కంప్యూటర్లో పట్టుచీర కట్టించేస్తాను. అందరికీ అలాగే చేస్తున్నాం," అన్నాడు మురహరి.

"మాయమ్మ ఏనాడూ కట్టని సీర కట్టించి, ఎవులికి దణ్ణమెట్టమంతావు బాబూ? మొన్నామధ్య బడికి ఆఫీసరొచ్చినప్పుడు నువ్వు ఫొటోలు తీసినావు గదా. మాయమ్మ ఆడే ఉంది."

మురహరి ఆ ఫొటో తెచ్చాడు. పేపర్లో అచ్చయిన ముక్కే. నడుమ ఆఫీసరు వంగి పిల్లల కంచాల్లో పప్పు వడ్డిస్తున్నాడు. అంచున, పప్పు బకెట్టు పట్టుకున్న ఒక చెయ్యి. మోచేతి దాకా, అంతే.

"మనిషేదీ?" అన్నారు మాస్టారు.

"అడ్డంగా ఉందని కోసేశాను మాస్టారూ. చూసేవాళ్ళకి అర్థం సులువుగా తెలియాలని."

"కొయ్యనిదేదీ?"

"కెమెరాలో చోటు చాలక చెరిపేశాను."

నాకు కోపం తక్కువ. ఆ పూట మాత్రం కడుతున్న దారం నా చేతిలోనే తెగిపోయింది. ఆ దొర వడ్డించింది రెండు గరిటెలు. ఆ బకెట్టు ఇరవై ఏళ్ళు మోసిందెవరు? ఫొటో కింద అచ్చువేసిన మాటల్ని, మనవలు పుట్టాక నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. ఆఫీసరు పేరు, ఉద్యోగం, ఊరు, అన్నీ ఉన్నాయి. పోలమ్మ పేరు లేదు. అక్షరాలు నేర్చుకున్నది ఇది చదవడానికా అనిపించింది.

రాములమ్మ మాత్రం ఆ మణికట్టు మీద వేలు పెట్టింది. "గంజి ఒలికి కాలిన మచ్చ. ఇది మాయమ్మే."

మాస్టారు కత్తెర తెచ్చి మురహరి చేతికిచ్చి, ఆఫీసర్ని కోయించారు. బకెట్టూ చెయ్యీ మిగిలాయి. వాటినే పెద్దవి చేయించి పటం కట్టించారు.

పెద్దకర్మ నాడు పొద్దున్నే నా దగ్గర చామంతి దండ తీసుకుని, పటంతో పాటు శిష్యుడి చేతిలో పెట్టారు.

"నువ్వే వెళ్ళి వేసి రా. ముఖం ఎక్కడుందో చూసుకుని వెయ్యి," అన్నారు.