నూకాలు మెట్టెక్కిన పొద్దు

అప్పలనరసమ్మ టీచరమ్మకి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పదు. "రేపు పెందలాడే రా బాబూ, చూద్దాం" అంటుంది. మర్నాడు వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి కంటపడేది. రానివాళ్ళు, ఆ పెద్దావిడకి ఏమీ తెలీదని ఊరంతా చెప్పుకునేవారు. లోకంలో రెండో రకంవాళ్ళే ఎక్కువ కనక టీచరమ్మకి గొప్ప పేరేమీ రాలేదు.

జోగినాయుడు మాత్రం రమ్మంటే వచ్చే రకం. పై ఊళ్ళనుంచి వచ్చిన కుర్ర పంతులు. ఆ సముద్రపు ఒడ్డు ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరి, టీచరమ్మనే గురువుగా పెట్టుకున్నాడు. బడికి ఇవతల జాలరిపేట, అవతల జీడితోటల్లో కూలికెళ్ళేవాళ్ళ వాడ. రెండు చోట్ల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. కూర్చుంటారంటే కూర్చుంటారు, అంతే. వీళ్ళ పలక వాళ్ళు ముట్టరు, వాళ్ళ బంతి వీళ్ళు అందుకోరు. 'చేపకంపు' అని ఒకరు, 'జీడిమరకలు' అని ఇంకొకరు. జోగినాయుడు శిక్షణలో నేర్చుకున్న విద్యలన్నీ ప్రయోగించాడు. పేటవాడి పక్కన తోటపిల్లని కూర్చోబెట్టాడు. జట్లకి మల్లె, చామంతి అని పేర్లు పెట్టి రంగుకాగితాలు కత్తిరించి గోడకి అంటించాడు. అన్నం గంట కొట్టేసరికి మళ్ళీ మొదటికే. మల్లెలూ లేవు, చామంతులూ లేవు, ఎక్కడివాళ్ళక్కడే.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాడు. "టీచరమ్మా, వీళ్ళందరినీ ఒక్క తరగతి చేయడం ఎలాగండీ? నా వల్ల కావడం లేదు."

"రేపు పెందలాడే రా బాబూ," అందావిడ. "రేపు నూకాలు వంతు," అని ఇంకో మాట కలిపింది.

ఆ బడిలో ప్రతి ఉదయం ఒక పిల్లో పిల్లాడో వరండా మెట్టెక్కి మూడు మాటలు చెప్పాలి. ఈ రోజు ఫలానా వారం. మేమందరం వచ్చాం. రానివాళ్ళని పిలుచుకొస్తాం. మెట్టు మీదివాళ్ళు ఎలా అంటే కింద ఇసకలో నిలబడ్డవాళ్ళు అచ్చం అలాగే అనాలి. అదొక్కటే నియమం. ఇందులో కష్టమేముందంటారా? నూకాలుకి నత్తి. మూడో తరగతి చదివే ఆ తోటపిల్ల నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుపోతుంది. అందరూ నవ్వుతున్నారని బళ్ళో మాట్లాడటమే మానేసింది, తన వంతొచ్చిన పొద్దల్లా బడి ఎగ్గొట్టేది. ఆ సాయంత్రమే వాళ్ళమ్మ చిట్టెమ్మ వచ్చి తేల్చి చెప్పేసింది కూడా. "రేపొక్క రోజు సూస్తానమ్మా. మళ్ళీ నవ్వేరంటే దాన్ని జీడిపిక్కలు కొట్టడానికి నాతో అట్టుకుపోతాను. అక్కడైతే మాటాడక్కర్లేదు, నా బిడ్డకి నగుబాటూ ఉండదు."

"ఈ ఒక్కసారికి వదిలేద్దామండీ, పాపం," అన్నాడు జోగినాయుడు.

"వంతు వంతే," అందావిడ.

మర్నాడు పెందలాడే వచ్చాడు. సముద్రం మీదినుంచి చలిగాలి వీస్తోంది. పిల్లలు ఎప్పటిలాగే రెండు వరసలు. కుడివైపు పేట, ఎడమవైపు తోటలు, మధ్యన ఎద్దులబండి తోలుకుపోయేంత సందు. గేటు దగ్గర చిట్టెమ్మ చేతులు కట్టుకుని నిలబడింది, నవ్వు వినపడితే కూతురి చెయ్యి పట్టుకుని పోవడానికి సిద్ధంగా. నూకాలు మెట్టెక్కింది. జోగినాయుడు టీచరమ్మ కేసి చూశాడు. ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. ఓరి నాయనో, ఈవిడక్కూడా తెలీదన్నమాట ఏం జరగబోతుందో!

"ఈ రోజు..." అంది నూకాలు. ఈ రోజు, అన్నారు పిల్లలు. "బు..." అంది. అక్కడ ఆగిపోయింది. "బు... బు..." మెడనరాలు బిగుసుకున్నాయి, కళ్ళు మూసుకుపోయాయి, బుధవారం మాత్రం రాలేదు.

ఎడమవైపు వరసలో కిసుక్కుమన్నారు. ముందు నవ్వేది సొంతవాళ్ళే, అదేం కొత్త సంగతి కాదు. అంతలో కుడివైపునుంచి పెద్ద గొంతు లేచింది. "బు!" ఎవరా అని చూస్తే మైలపల్లి దానయ్య. ఐదో తరగతిలో వాడంత అల్లరివాడు లేడు. వాడి వెనకే పేటపిల్లలంతా అందుకున్నారు. "బు! బు!"

జోగినాయుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అన్నారా పెద్దలు! వెధవని రెండు తగిలిద్దామని అడుగేశాడో లేదో, టీచరమ్మ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అలివి లాగడం ఎప్పుడైనా చూసావేటి బాబూ?"

"లేదండీ."

"అయితే ఇప్పుడు చూడు."

అప్పుడు చూశాడు దానయ్య మొహం. అందులో నవ్వన్నది మచ్చుకైనా లేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మడమలు ఇసకలో పాతి, పిడికిళ్ళు రొమ్ముకి ఆనించుకుని నిలబడ్డాడు. వాడొక్కడే కాదు, ఆ వరసంతా అంతే. అలివి అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. పేట మొత్తం తాడు పట్టుకుంటేగాని కదలదు. ముందున్నవాడు పదం అంటాడు, వెనకవాళ్ళు అందుకుంటారు. లాగేటప్పుడు ముందువాడికి ఊపిరాడక మాట సగంలో తెగిందనుకోండి, వెనకవాళ్ళు నవ్వరు, తాడు వదలరు. ఆ తెగిన ముక్కే పట్టుకుని, అదే పదమైనట్టు అంటూ, మిగతా ముక్క వచ్చేదాకా బరువు ఆపుతారు. ఆ పిల్లలు నడక వచ్చినప్పట్నుంచీ ఆ తాడు కొస పట్టుకుని పెరిగినవాళ్ళు. మెట్టు మీద ఎవరో ఊపిరందక నిలబడితే ఏం చెయ్యాలో వాళ్ళకి ఒకరు చెప్పాలా?

నూకాలు కళ్ళు తెరిచింది. ఇన్నాళ్ళూ తన ఒక్కదాని గొంతులో ఇరుక్కున్న ఆ ముక్క అంతమంది నోళ్ళలోంచి తిరిగొస్తోంది. వెక్కిరింత అయితే ఆ పిల్లకి తెలీదా? జన్మంతా విన్నది అదేగా. ఇది వెక్కిరింత కాదు. నూకాలు ఈసారి కావాలనే అంది, "బు!" కింద నుంచి "బు!" అని బదులొచ్చింది. తోటపిల్లల నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. వాళ్ళలో ఒకడు గొంతు కలిపాడు, తర్వాత ఇంకొకతె. కాసేపటికి బడి మొత్తం ఒక్కసారి ముందుకి ఒరిగి, ఒక్కసారి వెనక్కి ఒరుగుతోంది. చేతుల్లో తాడు లేదు, కళ్ళ ముందు వలా లేదు. జోగినాయుడికి ఒళ్ళు గగుర్పొడిచింది. గుళ్ళో హారతి వేళ కూడా అతనికి ఎన్నడూ అలా కాలేదు. తన చేతులు ఎప్పుడు జోడించుకున్నాడో అతనికే తెలీదు.

"బు... బుధవారం!" అంది నూకాలు, పెద్ద చేప ఒడ్డున పడ్డట్టు.

"బుధవారం!" అని అరిచారు పిల్లలు. బుధవారం వచ్చినందుకు భూమ్మీద ఎవరూ అంత సంబరపడి ఉండరు.

మిగిలిన రెండు మాటలూ చెప్పింది. మేమందరం దగ్గర ఆగింది, పిలుచుకొస్తాం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగింది. ఆగినప్పుడల్లా కిందివాళ్ళు ఆ ముక్క పట్టుకున్నారు. ఆ పిల్ల కంగారు పడలేదు, దిగిపోదామని చూడలేదు. దిగొచ్చేసరికి మధ్యన సందు లేదు. ఏ వరసలో నిలబడాలో తెలీక, ఖాళీ ఉన్నచోట దానయ్య పక్కనే నిలబడింది. వాడు రవ్వంత జరిగి చోటిచ్చాడు. గేటు దగ్గర చిట్టెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని జీడిపిక్కల బట్టీకి ఒక్కర్తే వెళ్ళిపోయింది.

పిల్లలు గదిలోకి పోయాక జోగినాయుడు టీచరమ్మ వెనకే గడప దాకా వెళ్ళాడు. "ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా టీచరమ్మా?" అన్నాడు.

"నా తలకాయ! రాత్రంతా నిద్ర పడితే ఒట్టు."

"మరి నా ప్రశ్నకి..."

ఆవిడ చెప్పులు విడిచి గడప దాటబోతూ వెనక్కి తిరిగింది.

"ఇన్నాళ్ళూ వాళ్ళని కలిపి కూర్చోబెట్టావు బాబూ. కలిసి లాగడానికి ఏటైనా ఇచ్చావేటి?"